రెండేండ్ల సంది

మన బళ్ళలో చదువుకున్నవాళ్ళు మొట్టమొదట అవసరం కొద్దీ రాసిన ఇంగ్లీషు ఏదని అడిగితే, చాలామంది లీవ్ లెటరనే చెబుతారు. ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్.’ జ్వరం నిజమే కావచ్చు, మేనమామ పెళ్ళికి వెళ్ళొచ్చిన జ్వరమూ కావచ్చు. వాక్యం మాత్రం మారదు. అక్క నోట్సులోంచి తమ్ముడు, తమ్ముడి నోట్సులోంచి పక్కింటి పిల్లవాడు ఎక్కించుకుంటూ పోయారు. క్లాస్ టీచరు సంతకం పెట్టి పక్కన పెట్టేవారే తప్ప, దాని మీద ఎర్ర సిరాతో గీత గీసినవారు అరుదు. సెలవు చీటీకి మార్కులుండవు కదా. ఆ వాక్యం అలాగే మనతో పెరిగి, డిగ్రీ దాటి, ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ వర్కింగ్ దేర్ సిన్స్ టూ ఇయర్స్’ అంటూ బయటికొస్తుంది.

చిన్న వాక్యమే అయినా అందులో తప్పులు రెండు. ‘ఐ హ్యావ్ బీన్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఫర్ టూ డేస్’ అనాలి. ‘యామ్ సఫరింగ్’ ఉన్నచోట ‘హ్యావ్ బీన్ సఫరింగ్’, ‘సిన్స్’ ఉన్నచోట ‘ఫర్’. ఈ హ్యావ్ బీన్ రూపానికే వ్యాకరణం పుస్తకాల్లో ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ టెన్స్ అని పేరు. ప్రెజెంట్ అంటూనే పర్ఫెక్ట్ అంటుంది, అయిపోయిందనుకునేలోపు కంటిన్యువస్ అంటుంది. ఆ పేరు వినగానే జడిసి పేజీ తిప్పేసినవాళ్ళను నేను తప్పుపట్టను.

నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పేది హైదరాబాద్ కార్వాన్‌లో. గోల్కొండకూ చార్మినార్‌కూ నడుమ దారిలో, కుతుబ్‌షాహీల నాడు వర్తకుల బిడారులు దిగిన చోటిది. అందుకే ఆ పేరు. పాతవాళ్ళు కార్వాన్ సాహు అనేవారు. సాహు అంటే షావుకారే. వజ్రాలు, ముత్యాలు, గుడ్డలు ఇక్కడ చేతులు మారిన రోజుల్లో ఎవరి భాషలో వారు బేరమాడితే నడుమ దుబాషీలు నిలబడి అటూఇటూ మాట చేరవేసేవారు. ఇప్పుడు దుబాషీలతో పనిలేదు, పిల్లలే ఆ పని చేస్తున్నారు. ఇంట్లో అమ్మతో తెలుగు, గల్లీలో దోస్తులతో దక్కనీ, దుకాణంలో సేటుతో హిందీ, కొన్ని ఇళ్ళల్లో నాయనమ్మతో మరాఠీ. ఇంగ్లీషు నాలుగోదో ఐదోదో అవుతుంది.

ఇన్ని భాషలు వచ్చిన పిల్లలు ఇంగ్లీషులో ఆ ఒక్కచోటే ఎందుకు తడబడతారు? వాళ్ళ నోట వచ్చే మాటలే వినండి. తెలుగు పిల్లవాడు ‘రెండేండ్ల సంది పని చేస్తున్న’ అంటాడు. వాడి పక్కనే కూర్చున్న ఉర్దూ ఇంటి పిల్లవాడు ‘దో సాల్ సే కామ్ కర్‌రౌఁ’ అంటాడు. మరాఠీ ఇంట్లో ‘దోన్ వర్షాంపాసూన్’ అంటారు. మూడింట్లోనూ పని వర్తమానంలోనే నడుస్తోంది. రెండేళ్ళ కిందట మొదలైందన్న సంగతి ‘సంది’, ‘సే’, ‘పాసూన్’ చూసుకుంటాయి. క్రియను కదిలించక్కర్లేదు. ఈ ఏర్పాటులో లోపమేమీ లేదు, వందల ఏళ్ళుగా హాయిగా నడుస్తున్నదే. పిల్లవాడు దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించుతాడు. చేస్తున్న అంటే ‘యామ్ వర్కింగ్’, సంది అంటే ‘సిన్స్’. అంతే, లీవ్ లెటర్ తయారు. మూడు భాషలూ ఒక్క మాటగా చెబుతుంటే, పాపం, ఒంటరిగా ఎదురు నిలిచే ఇంగ్లీషు మాట ఎవడు వింటాడు?

బోర్డు మీద పన్నెండు టెన్సుల పట్టిక గీసి, ఒక్కో గడిలో ఒక్కో సూత్రం రాసి, రేపటికి అప్పజెప్పండి అంటే ఇది పోదు. రెన్ అండ్ మార్టిన్ గ్రామరు మన దేశంలో 1930ల నుంచి తరతరాల చేత చదివించారు. ఆ రెన్ దొర బొంబాయి వైపు విద్యాశాఖలో పనిచేసినవాడు. ఫ్రెంచి ఫారిన్ లీజియన్ సైనికుల మీద ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాశాడు, 1924లో వచ్చింది. ఎడారిలో తుపాకులు పేలే కథ రాయగలిగిన మనిషి మనకు మాత్రం పట్టికలు మిగిల్చి పోయాడు. పట్టిక తప్పని నేననను. కాకపోతే మన పిల్లవాడి నోట్లో ముందే ఉన్న వాక్యంతో అది మాట్లాడదు. ఆ వాక్యం దగ్గరికే మనం వెళ్ళాలి.

ముందు సిన్సు, ఫర్‌ల తగాదా తీర్చుకుందాం. ఇది తేలిక. తెలుగువాళ్ళకు మరీ తేలిక.

కార్వాన్‌లో తెలుగువాళ్ళు ‘సంది’ అంటారు, కోస్తాలో ‘నుంచి’ అంటారు. పొద్దుగాల సంది, రెండేండ్ల సంది. పొద్దున్నుంచి, రెండేళ్ళ నుంచి. మొదలైన ఘడియ చెప్పినా, గడిచిన కాలం కొలత చెప్పినా మాట ఒకటే. ఇంగ్లీషు ఇక్కడ రెండు మాటలు వాడుతుంది. మొదలైన ఘడియకు ‘సిన్స్’: సిన్స్ మార్నింగ్, సిన్స్ మండే, సిన్స్ 2019. గడిచిన కొలతకు ‘ఫర్’: ఫర్ టూ అవర్స్, ఫర్ త్రీ డేస్, ఫర్ ఫైవ్ ఇయర్స్. ఈ మాట ప్రతి గైడులోనూ ఉంటుంది, అయినా నోటికి ఎక్కదు. ఎక్కాలంటే మీరు రోజూ వినే వార్తలు గుర్తుచేసుకోండి. ‘గత మూడు రోజులుగా కురుస్తున్న వర్షాలకు’ అని చదువుతారా లేదా? ‘కొన్నేళ్ళుగా’, ‘చాలా కాలంగా’, ‘వారం రోజులుగా’. ఈ ‘గా’ గడిచిన కొలతకు మాత్రమే అతుకుతుంది. మూడు రోజులుగా అంటాం గానీ సోమవారంగా అనం. ఐదేళ్ళుగా అంటాం గానీ 2019గా అనం. పొద్దునగా అన్నవాణ్ణి ఇంతవరకూ చూడలేదు.

కాబట్టి ‘సంది’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. చెవికి ఇంపుగా ఉంటే ‘ఫర్’. ఎబ్బెట్టుగా ఉంటే ‘సిన్స్’. ‘రెండేండ్ల సంది’ని ‘రెండేళ్ళుగా’ అనవచ్చు, కాబట్టి ఫర్ టూ ఇయర్స్. ‘చిన్నప్పటి సంది’ని ‘చిన్నప్పటిగా’ అనలేం, కాబట్టి సిన్స్ చైల్డ్‌హుడ్. ‘పెళ్ళయినప్పటి సంది’ కూడా అంతే, సిన్స్ ఐ గాట్ మ్యారీడ్. ఈ కిటుకు తెలుగు పిల్లవాడికి పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఉర్దూ పిల్లవాడికి దో సాల్ సే అన్నా, సుబూ సే అన్నా ‘సే’ ఒక్కటే దిక్కు. అందుకని మా క్లాసులో ఈ పాఠం రోజున తెలుగు పిల్లలే ఉర్దూ పిల్లలకు చెబుతారు. ఇంకోరోజు అటునుంచి ఇటు బాకీ తీరుతుంది లెండి.

ఒక్క చిక్కు చెప్పి ముందుకు పోతాను. ‘నేనీడికొచ్చి ఐదేండ్లయింది’ అనే వాక్యం ఇంగ్లీషులో ‘ఇట్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ సిన్స్ ఐ కేమ్ హియర్’ అవుతుంది. ఐదేళ్ళూ, సిన్సూ ఒకే వాక్యంలో కనబడ్డాయి కదా, మరి మా సిన్స్ టూ ఇయర్స్ ఏం పాపం చేసిందని ఒక అమ్మాయి నిలదీసింది. సిన్స్ తర్వాత ఏముందో చూడమన్నాను. ‘ఐ కేమ్’ ఉంది, వచ్చిన ఘడియ ఉంది. ఐదేళ్ళు సిన్సుకు ముందే ఉండిపోయాయి. ఆ పిల్ల ఒప్పుకుంది.

ఇక క్రియ. అసలు కష్టం ఇక్కడే.

మా దగ్గరికి సాయంత్రం క్లాసుకు ఆటో నడిపే కుర్రాడొకడు వచ్చేవాడు. టోలీ మసీదు ముందు ఇద్దరు విదేశీయులు అతని ఆటో ఎక్కారు. 1671లో మూసాఖాన్ కట్టించిన మసీదది. మక్కా మసీదు కట్టడానికి పెట్టిన ప్రతి రూపాయి మీదా ఒక దమ్డీ చొప్పున పోగైన డబ్బుతో కట్టాడని చెప్పుకుంటారు, అందుకే దమ్డీ మసీదనీ అంటారు. ఈ కథ చెప్పి వాళ్ళను మెప్పించాక, మనవాడు మర్యాదగా కుశలం అడిగాడు: ‘హౌ లాంగ్ ఆర్ యూ ఇన్ హైదరాబాద్?’ వాళ్ళలో ఒకామె నవ్వుతూ ‘అంటిల్ ఫ్రైడే’ అంది. మనవాడికి అర్థం కాలేదు. క్లాసుకొచ్చి అడిగాడు: ‘ఎన్నడొచ్చిన్రమ్మా అని అడిగితే ఎన్నడు పోతరో చెప్పింది సార్, నేనేమన్న పొమ్మన్ననా?’

పొమ్మనలేదు గానీ, ఆమె చెవికి దాదాపు అలాగే పడింది. ‘హౌ లాంగ్ ఆర్ యూ హియర్’ అంటే ఇంగ్లీషువాళ్ళకు ఇకముందు ఎంతకాలం ఉంటారని. ఇక్కడికొచ్చి ఎన్నాళ్ళయిందని అడగాలంటే ‘హౌ లాంగ్ హ్యావ్ యూ బీన్ హియర్’ అనాలి. ఒకటి రేపటి వైపు చూస్తుంది, రెండోది నిన్నటి వైపు. మన తెలుగులో ఈ పని ‘సంది’ చేస్తుంది, క్రియ ఎటూ చూడదు. ఇంగ్లీషులో క్రియే మెడ తిప్పి వెనక్కి చూడాలి. ఆ మెడ తిప్పడమే ‘హ్యావ్ బీన్’. ‘ఐ యామ్ వెయిటింగ్’ అంటే నిలబడి ఉన్నాను, ఎదురు చూస్తున్నాను, అంతవరకే. ఎంతసేపటిగా అన్న లెక్క వాక్యంలోకి వచ్చిందంటే ‘ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్’ అనక తప్పదు. ‘ఐ యామ్ వెయిటింగ్ ఫర్ ట్వెంటీ మినిట్స్’ అంటే ఎదుటివాడు, ఇరవై నిమిషాలు ఆగుతానంటున్నాడు కాబోలు, ఇంకా వ్యవధి ఉందిలే అనుకుని టీ చెప్పుకునే ప్రమాదం ఉంది.

తెలుగులో దీనికి బొత్తిగా చుట్టం లేదని కాదు. ‘చేస్తూ వస్తున్నాను’ అంటాం. ‘నలభై ఏళ్ళుగా ఈ పత్రిక నడుపుతూ వస్తున్నాం’ అన్నప్పుడు ఆ ‘వస్తున్నాం’లో అప్పటి నుంచి ఇప్పటిదాకా నడిచొచ్చిన దారంతా ఉంది. హ్యావ్ బీన్‌కు అంతకంటే దగ్గరి మాట నాకు తెలియదు. కానీ మనం దాన్ని పెద్ద సంగతులకు దాస్తాం. గంట నుంచి బస్సు కోసం చూస్తూ వస్తున్నానని ఎవరూ అనరు. ఇంగ్లీషువాడు మాత్రం బస్సుకీ, పత్రికకీ, పంటి నొప్పికీ అదే రూపం వాడతాడు. అందువల్ల పిల్లలతో నేను చేయించేది ఇదొక్కటే: ఎన్నాళ్ళుగా అన్న లెక్క వాక్యంలో కనబడగానే మనసులో ‘చేస్తూ వస్తున్నాను’ అనుకోండి, ఆ తర్వాత నోరు తెరవండి. ముందు కొన్నాళ్ళు మాట ఆగి ఆగి వస్తుంది. రానివ్వండి.

ఈ టెన్సుకు ఇంకో వాడుక ఉంది. పుస్తకాలు దాన్ని చివర్లో రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాయి గానీ, నాకు ఎక్కువ ఇష్టమైంది అదే.

కార్వాన్ పక్కనే ధూల్‌పేట. వినాయక చవితి ముందు అక్కడ గల్లీ గల్లీకీ గణపతులే. కొన్ని తడిగా, కొన్ని తెల్లగా, కొన్నిటికి ఇంకా కళ్ళు పెట్టకుండా. ఆ రోజుల్లో అటువైపు నుంచి వచ్చే పిల్లలను చేతులు చూసి గుర్తుపట్టవచ్చు. ఒక అమ్మాయి ఆలస్యంగా వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. గోళ్ళ సందుల్లో ప్లాస్టర్ తెలుపు, మణికట్టు మీద గులాబీ రంగు చార, దాని మీద ఆరిపోయిన బంగారు రంగు చుక్క. కారణం అడగలేదు. ‘యూ హ్యావ్ బీన్ పెయింటింగ్’ అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె అప్పుడు రంగులేమీ వేయడం లేదు, పెన్ను పట్టుకుని కూర్చుంది. పని ఆగిపోయింది, పని గుర్తు చేతి మీద మిగిలింది. అలాంటప్పుడు కూడా ఇంగ్లీషు హ్యావ్ బీన్ అంటుంది. ఎన్నాళ్ళుగా అన్న లెక్కతో పనే లేదు. రోడ్డు తడిగా ఉంటే ‘ఇట్ హ్యాజ్ బీన్ రెయినింగ్’. కళ్ళు ఎర్రగా ఉంటే ‘హ్యావ్ యూ బీన్ క్రయింగ్?’ మన తెలుగులో ఇక్కడ వర్తమానం రాదు, ‘ఏం, ఏడ్చినవా?’ అంటాం. కాబట్టి పైన చెప్పిన ‘చేస్తూ వస్తున్నాను’ ఈ చోట సాయం చేయదు. కంటికి కనిపించే ఆనవాలు పట్టుకోవాలి.

ఆ అమ్మాయి ఊరుకోలేదు. ‘వి హ్యావ్ బీన్ పెయింటింగ్ ఫార్టీ ఐడల్స్’ అంది గర్వంగా. నలభైకి రంగులు పూర్తయ్యాయా అని అడిగితే, అయ్యాయంది. అయితే ‘వి హ్యావ్ పెయింటెడ్ ఫార్టీ ఐడల్స్’ అనాలి. ఎన్ని అన్న ప్రశ్నకు జవాబు చెబుతున్నప్పుడు బీన్ తప్పుకోవాలి. ఎంతసేపు, ఎన్నాళ్ళు అన్న ప్రశ్నకు జవాబు చెబుతున్నప్పుడు బీన్ రావాలి. ‘వి హ్యావ్ బీన్ పెయింటింగ్ సిన్స్ మార్నింగ్, వి హ్యావ్ పెయింటెడ్ ఫార్టీ.’ పొద్దుగాల సంది రంగులేస్తున్నం, నలభై అయినయ్. రెండూ ఒకే నోట, ఒకే శ్వాసలో వచ్చాయి చూడండి. ధూల్‌పేటలో బేరానికి వచ్చినవాడు ఈ రెండు లెక్కలూ అడుగుతాడు.

ఇప్పుడు దీన్ని వాడకూడని చోట్లు. కొత్తగా నేర్చుకున్నవాడికి ఏ టెన్సయినా ముద్దే, వారం రోజులు కనబడ్డ ప్రతి క్రియకూ తగిలిస్తాడు. ‘ఐ హ్యావ్ బీన్ నోయింగ్ హిమ్ సిన్స్ చైల్డ్‌హుడ్.’ తప్పు. నో, హ్యావ్, వాంట్, లైక్ వంటి కొన్ని క్రియలకు ఇంగ్లీషు మామూలుగా ఐఎన్‌జీ తోక పెట్టదు. వీటికీ ఒక జాబితా ఇచ్చి అప్పజెప్పించుకుంటారు. ఆ శ్రమలో సగం తెలుగే తగ్గిస్తుంది. ‘అతను నాకు చిన్నప్పటి సంది తెలుసు’ అంటాం, తెలుస్తున్నాడు అనం. ‘నాకు కావాలి’, ‘నాకు ఇష్టం’, ‘నాకు బండి ఉంది’, వీటిలో దేనికీ ‘తున్న’ పట్టదు. తెలుగులో ‘తున్న’ పట్టని మాటకు ఇంగ్లీషులోనూ ఐఎన్‌జీ పెట్టేముందు ఒక్క క్షణం ఆగండి. ‘ఐ హ్యావ్ నోన్ హిమ్ సిన్స్ చైల్డ్‌హుడ్.’ ‘ఐ హ్యావ్ హ్యాడ్ దిస్ బైక్ ఫర్ సిక్స్ ఇయర్స్.’ జ్వరం కూడా ఇందులోకి వస్తుంది. ‘సఫరింగ్’ అన్న పెద్ద మాట ఎందుకనుకుంటే ‘ఐ హ్యావ్ హ్యాడ్ ఫీవర్ ఫర్ టూ డేస్’ అనండి, డాక్టరుకు చక్కగా అర్థమవుతుంది.

అన్నిచోట్లా తెలుగు చెవి కాపాడుతుందనుకోకండి. ‘ప్రేమిస్తున్నాను’ అంటాం, ‘నమ్ముతున్నాను’ అంటాం. మన సినిమాల్లో కథానాయకుడు కాలేజీ మొదటి రోజు నుంచి ప్రేమిస్తూనే ఉంటాడు. దాన్ని ‘ఐ హ్యావ్ బీన్ లవింగ్ యూ’ అని చెబితే పరీక్ష పేపరులో మార్కు పోతుంది. ‘ఐ హ్యావ్ లవ్డ్ యూ సిన్స్ ద ఫస్ట్ డే’ అంటే సరి. పెళ్ళి దగ్గర మరింత జాగ్రత్త. ‘పెళ్ళయి పదేండ్లయింది’ అనడానికి ‘ఐ యామ్ మ్యారీడ్ సిన్స్ టెన్ ఇయర్స్’ అంటారు. దిద్దబోయి ‘ఐ హ్యావ్ బీన్ మ్యారీయింగ్’ అన్నవాళ్ళూ ఉన్నారు, పదేళ్ళుగా ఏటా పెళ్ళి చేసుకుంటున్నట్టు. ‘ఐ హ్యావ్ బీన్ మ్యారీడ్ ఫర్ టెన్ ఇయర్స్’ అనాలి. మనిషి పోయిన సంగతిలోనూ ఇదే ఇబ్బంది. ‘నాయన పోయి మూడేండ్లయింది’ని దస్తావేజుల్లో, దరఖాస్తుల్లో రాయాల్సి వస్తుంది. ‘మై ఫాదర్ హ్యాజ్ బీన్ డయింగ్’ అంటే అయ్యో, మూడేళ్ళుగా మంచంలో ఉన్నాడని అర్థం. ‘మై ఫాదర్ డైడ్ త్రీ ఇయర్స్ ఎగో’ అని తేల్చేయడం మేలు. ఎగో ఉన్నచోట హ్యావ్ అడుగుపెట్టదు.

కొంచెం నాజూకైన తేడా ఒకటుంది. మూసీ మీది పురానా పూల్ వంతెనను 1578లో కట్టారు, 1908 మూసీ వరద తర్వాతా నిలిచే ఉంది. దాని గురించి ‘పురానా పూల్ హ్యాజ్ స్టుడ్ హియర్ ఫర్ మోర్ దెన్ ఫోర్ హండ్రెడ్ ఇయర్స్’ అంటేనే అందం. ఆ వంతెన దగ్గర పొద్దున్నే కొత్తిమీర కట్టలు పరుచుకుని నిలబడ్డ ఆమె గురించి అయితే ‘షీ హ్యాజ్ బీన్ స్టాండింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఓ క్లాక్’ అంటాం. కదలకుండా పాతుకుపోయినదానికి స్టుడ్, ఈ పూటకు నిలబడ్డదానికి స్టాండింగ్. ఉద్యోగం, కాపురం విషయంలో మాత్రం రెండూ చెల్లుతాయి. ‘ఐ హ్యావ్ లివ్డ్ ఇన్ కార్వాన్ ఫర్ టెన్ ఇయర్స్’ అన్నా, ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్’ అన్నా మీ ఇల్లు కార్వాన్‌లోనే ఉంది.

‘ఐ లివ్డ్ ఇన్ కార్వాన్ ఫర్ టెన్ ఇయర్స్’ అంటే మాత్రం సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. ఈ తేడాతోనే ఇంటర్వ్యూల్లో కొంప మునుగుతుంది. మానేసిన ఉద్యోగం గురించి ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ దేర్ ఫ్రమ్ 2018 టు 2021’ అని రెజ్యూమేలో రాస్తారు. చదివేవాడికి మనిషి ఇంకా అక్కడే ఉన్నాడా, మానేశాడా అన్నది తేలదు. ఏదో దాస్తున్నాడన్న అనుమానం కూడా వస్తుంది. అయిపోయిన పనికి అయిపోయిన రూపమే పెట్టాలి: ‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్.’

ఇంత చెప్పాక ఎవరైనా అడగవచ్చు: దేశంలో కోట్లమంది ‘సిన్స్ టూ ఇయర్స్’ అంటుంటే అది మన ఇంగ్లీషు కాకుండా ఎలా పోతుంది? అడగదగ్గ ప్రశ్నే. భారతీయుల ఇంగ్లీషుకు తనదైన తీరు ఉందనీ, ప్రతి తేడానూ తప్పుగా లెక్కగట్టకూడదనీ వాదించిన భాషావేత్తల్లో బ్రజ్ కచ్రూ ప్రసిద్ధుడు. ఆ వాదనలో నిజం ఉంది. కార్వాన్ కుర్రాడు ముంబయి సేటుతో ఫోన్లో ‘సిన్స్ టూ ఇయర్స్’ అంటే ఇద్దరికీ అర్థమైంది, సరుకు కదిలింది, నాకు అభ్యంతరం లేదు. పరీక్ష పేపరు దిద్దేవాడు, ఉద్యోగం ఇచ్చేవాడు మాత్రం కచ్రూను చదివి రారు. మనది అనుకున్న ఇంగ్లీషును ఇంట్లో ఉంచుకుని, బయటికి వెళ్ళేటప్పుడు వాళ్ళ ఇంగ్లీషు తొడుక్కోవడంలో నాకేమీ చిన్నతనం కనబడదు. అమ్మతో ఒక తెలుగు, ఆఫీసర్‌తో ఒక తెలుగు మాట్లాడని వారెవరు?

ఇది రేడియో ప్రసంగం కనుక చెవి సంగతి చెప్పకుండా ముగించలేను. మనం ‘ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్’ అని నాలుగు మాటలూ విడివిడిగా పలుకుతాం. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు అలా పలకరు. ‘ఐవ్ బిన్ వెయిటింగ్’ అంటారు. హ్యావ్ నలిగి ఒక్క వకారంగా మిగులుతుంది, బీన్ కురచై బిన్ అవుతుంది. ‘షీ హ్యాజ్ బీన్ వర్కింగ్’ అయితే ‘షీజ్ బిన్ వర్కింగ్’. మన చెవి ఆ ‘షీజ్’ను ‘షీ ఈజ్’ అనుకుంటుంది, ‘బిన్’ను జారవిడుస్తుంది, చివరికి ‘షీ ఈజ్ వర్కింగ్’ విన్నామని తీర్మానించుకుంటుంది. ఏళ్ళ తరబడి ఇంగ్లీషు సినిమాలు చూసినా ఈ టెన్సు నోటికి రాలేదంటే, అది అక్కడ లేక కాదు, చెవిలో పడక. ఈసారి క్రికెట్ వ్యాఖ్యానం వింటున్నప్పుడు ఆ ‘బిన్’ కోసం కాచుకోండి. ‘హీజ్ బిన్ బ్యాటింగ్ బ్యూటిఫుల్లీ’ అని వినబడుతుంది. ఒకసారి పట్టుకున్నారంటే ఇక వదలదు.

పట్టుకోవాల్సిన అవసరం మనలో చాలామందికి నానక్‌రామ్‌గూడలో వస్తుంది. అమెరికా కాన్సులేటు మొదట 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో తెరిచారు, 2023 నుంచి నానక్‌రామ్‌గూడ సొంత భవనంలో నడుస్తోంది. అద్దం అవతల కూర్చున్న వీసా అధికారి మామూలుగా అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: ‘హౌ లాంగ్ హ్యావ్ యూ బీన్ వర్కింగ్ దేర్?’ అదీ ‘హౌ లాంగవ్యూ బిన్ వర్కింగ్ దేర్’ అని ఒకే ఊపులో వస్తుంది. మనవాళ్ళు వెంటనే బడిలో నేర్పినట్టు పూర్తి వాక్యంలో జవాబు చెప్పాలని తంటాలు పడతారు. హ్యావా, హ్యాజా, సిన్సా, ఫరా అని నుదుట చెమట పడుతుంది. ఆ తంటా అక్కర్లేదు. అక్కడ ఎవరూ వ్యాకరణం పరీక్ష పెట్టడం లేదు. అడిగింది వెనకటి కాలం గురించి అని చెవికి తెలిస్తే చాలు. ‘త్రీ ఇయర్స్’ అనండి. కాదంటే ‘సిన్స్ 2021’ అనండి. ఇంగ్లీషువాళ్ళు కూడా అంతే చెబుతారు, తరువాతి ప్రశ్న కోసం చూస్తారు.